బోధనేతరోద్యోగికి న్యాయమైన వేతన మెంత?

విశ్వవిద్యాలయ మనగానే మన మనస్సునకు తోచునది ఆచార్యుల ఉపన్యాసము, విద్యార్థుల కోలాహలము, గ్రంథాలయములోని నిశ్శబ్దము. కాని తెల్లవారగనే తరగతి గదుల తాళములు తీయువా రొకరు కలరు. వసతిగృహములో వందలమందికి అన్నము వండి వార్చువారు కలరు. రసాయన ప్రయోగశాలలో ఆమ్లముల సీసాలను పదిలపరచువారు, పరీక్షల విభాగములో జవాబు పత్రముల కట్టలను లెక్కించి సీలు వేయువారు, విద్యుత్తు తీగెలను, నీటి గొట్టములను కనిపెట్టి చూచువారు, పట్టాలపై పేర్లు తప్పులేకుండ వ్రాయువారు, వీరందరు చేతులు కలిపిననే విశ్వవిద్యాలయము నడచును. కార్యాలయ పరిభాషలో వీరికి బోధనేతర సిబ్బంది యని పేరు. వారేమి చేయరో చెప్పు పేరే కాని, ఏమి చేయుదురో చెప్పు పేరు కాదది.

వీరికి ఎంత జీత మిచ్చిన న్యాయమగును? దానిని నిర్ణయించు పద్ధతి యేది? ఇది విశ్వవిద్యాలయపు ప్రహరీగోడల లోపలి విషయము మాత్రమే కాదు. ఆ జీతములో కొంత మనము చెల్లించు పన్నులనుండియు, కొంత మన పిల్లలు కట్టు రుసుములనుండియు వచ్చును. కనుక ఆ లెక్క యెట్లు వేయబడునో తెలిసికొనుట మనకందరకు అవసరము.

ముందుగా మన రెండు తెలుగు రాష్ట్రముల సంగతి చూతము. 1918 లో ఉస్మానియా, 1926 లో ఆంధ్ర, 1954 లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములు వెలసినవి. ఇట్టి రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ఒకే ఆవరణములో రెండు వేతన పద్ధతులు నడచుచున్నవి. అధ్యాపకుల స్కేళ్లను విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము, అనగా యు. జి. సి., దేశమంతటికి ఒకే తీరున సూచించును. 2018 లో ఆ సంఘము ప్రకటించిన నిబంధనల ప్రకారము అసిస్టెంటు ప్రొఫెసరు ప్రారంభ మూలవేతనము 57,700 రూపాయలు. బోధనేతర సిబ్బందికి మాత్రము రాష్ట్ర ప్రభుత్వము నియమించు వేతన సవరణ సంఘపు స్కేళ్లు వర్తించును. తెలంగాణలో 2021 లో జరిగిన సవరణలో అట్టడుగు మూలవేతనము 19,000 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి సవరణలో 20,000 రూపాయలు.

ధనము వచ్చు మార్గములును వేరు. అధ్యాపకుల స్కేళ్ల సవరణవలన రాష్ట్రములపై పడు అదనపు భారములో సగమును 2016 జనవరి మొదలు 2019 మార్చి వరకు భరించుటకు కేంద్ర ప్రభుత్వము అంగీకరించెను. బోధనేతర సిబ్బంది విషయములో అట్టి యేర్పాటు లేదు. వారి జీతములు రాష్ట్రమిచ్చు గ్రాంటునుండియు, విశ్వవిద్యాలయపు సొంత ఆదాయమునుండియు రావలెను. గ్రాంటు తక్కువపడినపుడు మొదట ఒత్తిడి పడునది వీరిపైననే.

అధ్యాపకుల కెక్కువ ముట్టుచున్నదని చెప్పుట మా ఉద్దేశము కాదు. ఒకరి జీతము నింకొకరి జీతముతో పోల్చి అసూయ పెంచుటవలన న్యాయము తేలదు. న్యాయమునకు ఒక కొలబద్ద కావలెను. అట్టి కొలబద్ద మన దేశములో చాలకాలము క్రిందటనే తయారైనది.

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1948 లో, ప్రభుత్వము న్యాయ వేతనములను గూర్చి యొక సంఘమును నియమించెను. ఆ సంఘము వేతనమునకు మూడు మెట్లు చూపెను. మొదటిది కనీస వేతనము. ఇది ప్రాణము నిలుపుటకు మాత్రమే కాక, పనిచేయు శక్తిని కాపాడుకొనుటకును, కొంత చదువునకును, వైద్యమునకును చాలవలెను. పై మెట్టు జీవన వేతనము. తిండి, బట్ట, నీడలతోపాటు పిల్లల చదువు, అనారోగ్యములో రక్షణ, ముసలితనమున భద్రత, సంఘములో మర్యాదగా బ్రతుకుటకు వలసిన వసతి, ఇవన్నియు దానిలో చేరును. ఈ రెంటి నడుమ నుండునది న్యాయ వేతనము. దాని క్రింది హద్దు కనీస వేతనము. పై హద్దును నిర్ణయించునది చెల్లించువాని శక్తి. మన రాజ్యాంగపు 43 వ అధికరణము జీవన వేతనమును రాజ్యము సాధింపవలసిన ఆశయముగా పేర్కొన్నది. అదే 1948 లో వచ్చిన కనీస వేతనముల చట్టము చిరకాలము అమలులో నుండి, 2019 నాటి వేతనముల స్మృతి 2025 నవంబరు 21 న అమలులోనికి వచ్చుటతో దానిలో లీనమైనది.

మెట్లకు పేర్లు పెట్టినంతమాత్రమున లెక్క తేలదు గదా! ఆ లెక్కను 1957 లో జరిగిన పదునైదవ భారత కార్మిక మహాసభ తేల్చెను. ప్రభుత్వము, యజమానులు, కార్మికులు, ముగ్గురును కూర్చుండి ఒప్పుకొన్న సూత్ర మది. సంపాదించువా డొకడు, అతనిపై ఆధారపడిన భార్య, ఇద్దరు పిల్లలు. పురుషుని అవసరము ఒకటి యనుకొన్నచో, స్త్రీకి 0.8, పిల్లల కొక్కొక్కరికి 0.6, మొత్తము మూడు పాళ్లు. ఒక్కొక్క పాలునకు దినమునకు 2,700 కేలరీల ఆహారము. కుటుంబమున కంతకు సంవత్సరమునకు 72 గజముల బట్ట. ఇంటికి ప్రభుత్వ గృహ పథకపు అద్దె. వంటచెరకు, దీపము, ఇతర ఖర్చులకు మొత్తములో నూటికి ఇరువది. 1991 లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, పిల్లల చదువు, వైద్యము, పండుగలు, వివాహములు, ముసలితనము, వీటికై కనీస వేతనములో నూటికి ఇరువదియైదు పాళ్లు ఉండవలెనని చేర్చెను.

ఆహారపు లెక్క డాక్టరు ఆక్రాయిడ్‌ది. ఆయన కూనూరులోని పోషకాహార పరిశోధనశాలకు అధిపతిగా నుండిన శాస్త్రజ్ఞుడు. ఆ పరిశోధనశాలయే 1958 లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొంది, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పొరుగుననే నేటికిని పనిచేయుచున్నది. పనివానికి ఎంత తిండి కావలెనో కొలిచిన సంస్థయు, ఆ తిండికి చాలిన జీతము తమ పనివారికి ముట్టుచున్నదా యని చూచుకొనవలసిన సంస్థయు ఒకే వీథిలో నున్నవన్నమాట.

ఈ సూత్రములోని గొప్పతనమేమనగా, గృహిణులు సైతము దీనిని తమ వంటయింటిలో పరీక్షింపవచ్చును. కేంద్రపు ఏడవ వేతన సంఘము వేసిన లెక్కలో, పాలు ఒక్కింటికి దినమునకు బియ్యము లేక గోధుమలు 475 గ్రాములు, పప్పు 80 గ్రాములు, పాలు 200 మిల్లీలీటర్లు. మూడు పాళ్లకు ముప్పది దినములకు లెక్కించినచో, ధాన్యము 42 కిలోల 750 గ్రాములు, పప్పు 7 కిలోల 200 గ్రాములు, పాలు 18 లీటర్లు అగును. కూరగాయలు, పండ్లు, నూనె, బెల్లము, గ్రుడ్లు, మాంసము ఇవి వేరు. వీటికి బజారు ధరలు వేసి, బట్టయు, అద్దెయు, ఇంధనమును, నైపుణ్యమునకు కొంతయు కూడి, 2016 జనవరి 1 నుండి కేంద్రోద్యోగి కనిష్ఠ వేతనమును 18,000 రూపాయలుగా ఆ సంఘము నిర్ణయించెను. ఎవరి యిష్టాయిష్టములతోను పనిలేక, కూడికవలన వచ్చిన అంకె యది.

లోపములు లేవని కాదు. వృద్ధులైన తల్లిదండ్రులకు ఈ మూడు పాళ్లలో చోటు లేదు. మన యిండ్లలో వారిని విడిచి కుటుంబ మెక్కడిది? పట్టణములలోని అద్దెలు ప్రభుత్వ పథకపు అద్దెను ఎన్నడో దాటిపోయినవి. వసతిగృహపు వంటపనిలోను, ఊడ్చు పనిలోను ఉన్నవారిలో స్త్రీ ఒంటిగా సంసార మీదుచున్న ఇండ్లు ఎన్నియో కలవు. సంపాదించువాడు పురుషుడే యని పట్టుకొన్న సూత్రమునకు అట్టి యిల్లు కానరాదు. అయినను, లోపము తెలిసిన కొలబద్ద, కొలబద్దయే లేకుండుటకంటె మేలు.

ఇది అట్టడుగు మెట్టు సంగతి. పై మెట్లు ఎట్లు వేయవలెను? సాధారణముగా చదువు పట్టాను చూచి గ్రేడు నిర్ణయింతురు. అది చాలదు. పనిని నాలుగు విధముల తూచవలెను: దానికి కావలసిన నేర్పు, పడవలసిన శ్రమ, మోయవలసిన బాధ్యత, చేయు చోటులోని అపాయము. కార్యాలయములో కాగితములు అందించు అటెండరును, ప్రయోగశాలలో గాఢామ్లములు పలుచన చేయు అటెండరును ఒకే పేరుతో పిలువబడుదురు. కాని రెండవవాని చేయి జారినచో జరుగు హాని వేరు. పరీక్షల విభాగములోని గుమాస్తా వ్రాయు అంకెలు కొలదియే కావచ్చును. ఆ అంకె యొక్కటి తారుమారైనచో ఒక విద్యార్థి భవిష్యత్తే తారుమారగును. ప్రాతకాలపు గ్రంథములు ఏ బీరువాలో నున్నవో చీటీ చూడకుండ చెప్పగల గ్రంథాలయ సేవకుని నేర్పునకు ఏ పట్టాయు లేదు. పట్టా లేని నేర్పునకు వెల లేదనుట న్యాయము కాదు.

ఒకే మెట్టుమీద జీవితమంతయు నిలిచిపోవుటయు అన్యాయమే. బోధనేతర వర్గములో పదోన్నతికి ఖాళీలు తక్కువ. అందుచేతనే మన రాష్ట్రములలో ఆరు, పండ్రెండు, పదునెనిమిది, ఇరువదినాలుగు సంవత్సరముల సేవ నిండినవారికి పై స్కేలు ఇచ్చు పద్ధతి ఏర్పడినది. కుర్చీ మారకపోయినను అనుభవమునకు విలువ కట్టు ఈ ఏర్పాటు మంచిది.

ఇక ధరల మాట. నేడు న్యాయమైన జీతము, ధరలు పెరిగినకొలది అన్యాయమగును. దీనికి మందు కరవు భత్యము. సిమ్లాలోని కార్మిక కార్యాలయము నెలనెల ప్రకటించు పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచిని బట్టి, జనవరిలో నొకసారి, జూలైలో నొకసారి భత్యము లెక్క కట్టబడును. లెక్క సరిగానే జరుగును, చెల్లింపు ఆలస్యమగును. తెలుగు రాష్ట్రములు రెంటిలోను గడచిన వేతన సవరణ 2018 జూలై 1 నుండి అమలైనట్లు కాగితముమీద నున్నను, సొమ్ము లెక్క 2020 ఏప్రిల్ 1 నుండియే ప్రారంభమైనది. నడుమ గడచిన ఇరువదియొక్క నెలలకు ఉద్యోగికి ముట్టినది పేరు మాత్రమే. తెలంగాణలో పెంపుదల నూటికి ముప్పది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 లో నూటికి ఇరువదియేడు మధ్యంతర భృతిగా నిచ్చి, తుదకు 2022 లో పెంపుదలను ఇరువదిమూడుగా ప్రకటించిరి. ఆ ఫిబ్రవరిలో విజయవాడ వీథులు ఉద్యోగులతో నిండిపోయినవి. అంకె పెద్దదా చిన్నదా యనుటకంటె, ఎప్పుడు వచ్చును, ఎట్లు లెక్కింపబడెను అను సంగతులు ముందుగా తెలియుట ముఖ్యమని ఆ సంఘటన తెలుపుచున్నది.

ఇంతవరకు చెప్పినది స్థిరమైన ఉద్యోగము గలవారి సంగతి. విశ్వవిద్యాలయములలో నేడు అసలైన చిక్కు మరియొక చోట నున్నది. ఉద్యోగ విరమణ చేసిన వారి స్థానములను నింపక, ఆ పనినే కాంట్రాక్టు పద్ధతిని గాని, పొరుగు సేవల పద్ధతిని గాని వచ్చినవారిచే చేయించుట అలవాటైనది. తెలంగాణ ప్రభుత్వము 2021 లో పొరుగు సేవలవారి నెలసరి మొత్తములను 15,600, 19,500, 22,750 రూపాయలుగా పెంచెను. ఆంధ్రప్రదేశ్ 2022 లో 15,000, 18,500, 21,500 రూపాయలుగా నిర్ణయించెను. ఆ యేడులనే అట్టడుగున నున్న ఇద్దరిని పోల్చి చూతము. హైదరాబాదులోని స్థిరోద్యోగికి మూలవేతనము 19,000, దానిపై నూటికి ఇరువదినాలుగు వంతున ఇంటి అద్దె భత్యము 4,560, మొత్తము 23,560. పొరుగు సేవలవానికి 15,600. కరవు భత్యమును లెక్కలో చేర్చకుండగనే తేడా నెలకు 7,960. సంవత్సరమునకు 95,520 రూపాయలు. ఒకే చీపురు, ఒకే వరండా, ఒకే వేళలు. మొదటివానికి ఏటేట ఇంక్రిమెంటు కలదు. రెండవవానికి ప్రభుత్వము మరల తలచుకొను వరకు అదియే జీతము.

ఈ తేడాను గూర్చి న్యాయస్థానము లేమనినవి? 1982 లో రణధీర్ సింగు అను ఢిల్లీ పోలీసు డ్రైవరు, ఇతర శాఖల డ్రైవర్లతో సమానముగా తనకును జీతము కావలెనని సుప్రీంకోర్టు కెక్కెను. ఆ తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డిగారు. సమాన పనికి సమాన వేతన మను మాట రాజ్యాంగపు ఆదేశిక సూత్రములలో నున్నను, సమానత్వపు హక్కుతో కలిపి చదివినపుడు అది అమలు పరుపదగినదే యని వారు తేల్చిరి. 2006 లో ఉమాదేవి వ్యాజ్యములో, నియమములు పాటింపక తీసికొన్న తాత్కాలికులకు ఉద్యోగము స్థిరపరచుమని కోరు హక్కు లేదని రాజ్యాంగ ధర్మాసనము చెప్పెను. కాని ఉద్యోగమును స్థిరపరచుట వేరు, చేసిన పనికి జీతమిచ్చుట వేరు. 2016 లో జగ్జీత్ సింగు వ్యాజ్యములో ఆ భేదము స్పష్టమైనది: స్థిరోద్యోగి చేయు పనినే చేయు తాత్కాలికునకు, ఆ స్కేలులోని కనీస వేతనమైనను ఇచ్చి తీరవలెను. 2024 డిసెంబరులో, కేంద్ర జల సంఘములో ఏండ్ల తరబడి పారిశుద్ధ్యము, తోటపని చేసినవారి వ్యాజ్యములో, నిత్యము అవసరమగు పనిని తాత్కాలిక మను పేరుతో సాగదీయుట తగదని కోర్టు మందలించి, వారిని స్థిరపరచుమని ఆజ్ఞాపించెను.

అయినను ఒక సంగతి దాచరాదు. నేరుగా నియమింపబడిన తాత్కాలికునకు ఈ సూత్రము వర్తించినంత సులభముగా, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవానికి వర్తించదు. కాగితముమీద వాని యజమాని కాంట్రాక్టరు, విశ్వవిద్యాలయము కాదు. కనుక ఈ అంతరమును పూడ్చుటకు న్యాయస్థానమును మాత్రమే నమ్ముకొని కూర్చుండరాదు. అది విశ్వవిద్యాలయ పాలకులు, ప్రభుత్వము తమంత తాము చేయవలసిన పని.

పాలకుల పక్షమునను ఒక వాదము కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. విశ్వవిద్యాలయము మిల్లు కాదు. లాభము తీసి పంచుటకు దానికి సరకు లేదు. గ్రాంటు పెరుగనిదే జీతములు పెంచిన, ఆ భారము విద్యార్థుల రుసుములపై పడును. అప్పుడు పేద యింటి బిడ్డ చదువు మానవలసి వచ్చును. ఒక పేదవాని కూటికై మరియొక పేదవాని చదువును తాకట్టు పెట్టవచ్చునా? దీనికి 1957 లోనే సుప్రీంకోర్టు క్రౌన్ అల్యూమినియం వ్యాజ్యములో దారి చూపినది. పై మెట్ల విషయములో చెల్లింపు శక్తిని చూడవచ్చును. కాని పనివానికి కనీస వేతనమైనను ఈయలేని పరిశ్రమకు మనుగడ సాగించు హక్కే లేదు. మిల్లు యజమానికి చెప్పిన ఈ మాట ప్రభుత్వ విశ్వవిద్యాలయమునకు వర్తింపదనుట ఎట్లు? మిల్లు మూతపడవచ్చును, విశ్వవిద్యాలయము మూతపడరాదు. కనుక ఆ లోటును పూరించు బాధ్యత దానిని స్థాపించిన ప్రభుత్వముదే కాని, విద్యార్థిది కాదు, వంటమనిషిది కాదు.

మరియు, చౌక జీతములో పొదుపు కనబడును కాని మిగులు కనబడదు. ఏడాది కొకరు మారు ప్రయోగశాలలో పరికరములు చెడును. రికార్డు గదిలో కాగితములు దొరకవు. పట్టాకై దూరపు ఊళ్లనుండి వచ్చిన విద్యార్థులు కార్యాలయము చుట్టు తిరుగుదురు. ఆ తిరుగుడు ఖర్చు ఏ బడ్జెటులోను వ్రాయబడదు. మన యిండ్లలో మాత్రము తెలియును.

అట్లైన చేయదగిన దేమి? మొదట, విశ్వవిద్యాలయములోని ప్రతి పనిని పేరుపేరున వ్రాసి, దానిని ఎందరు, ఏ పద్ధతిలో, ఏ జీతముతో చేయుచున్నారో ప్రకటింపవలెను. పిమ్మట అధికారులు, సిబ్బంది ప్రతినిధులు, వారిలో స్త్రీలును, పొరుగు సేవలవారును, బయటినుండి లెక్కలెరిగిన ఒక పెద్దయు కలిసిన సంఘము కూర్చుండవలెను. అట్టడుగు మెట్టును 1957 నాటి సూత్రముతో నేటి బజారు ధరలకు లెక్కించి, ఆ లెక్కను అందరకు చూపవలెను. పై మెట్లను నేర్పు, శ్రమ, బాధ్యత, అపాయము చూచి వేయవలెను. ఒకే పనికి ఒకే అడుగు జీతము ఉండవలెను, మనిషి ఏ తలుపున వచ్చినను సరే. పొరుగు సేవల టెండర్లలో పోటీ కాంట్రాక్టరు తీసికొను ప్రతిఫలముమీదనే జరుగవలెను. పనివాని జీతముమీద బేరము ఉండరాదు. ఆ జీతము వాని బ్యాంకు ఖాతాకే నేరుగా చేరవలెను. భవిష్యనిధి, ఉద్యోగుల రాజ్యబీమా చందాలు నెలనెల చెల్లినట్లు రసీదు చూపనిదే కాంట్రాక్టరు బిల్లు చెల్లింపరాదు. కరవు భత్యము నిర్ణీత తేదీకి రావలెను. అయిదేండ్ల కొకసారి అంతయు మరల తూచవలెను.

వీనిలో క్రొత్త సిద్ధాంత మేదియు లేదు. 1948 నాటి మెట్లు, 1957 నాటి లెక్క, 1982 నాటి తీర్పు మన చేతిలోనే యున్నవి. కొరతపడినది సూత్రము కాదు, దానిని ఆవరణములోని చివరి మనిషి వరకు తీసికొనిపోవు పట్టుదల. మీ పిల్లవాడు చదువు విశ్వవిద్యాలయములో ఈ లెక్క వేసిరా యని అడుగుటకు మీకు హక్కు కలదు. అక్కడ అన్నము వండు ఆమె యింట నెలకు ఏడు కిలోల పప్పు, పదునెనిమిది లీటర్ల పాలు కొనుటకు ఆమె జీతము చాలుచున్నదా? అవునని కాగితముతో చూపగలిగిన నాడే అచ్చటి వేతనము న్యాయమైనదని మన మనవచ్చును.